ఆల్మా డేటా కోసం మూడేళ్లు: ఒక గురుత్వ కటకంతో నా అనుభవం

2022 అక్టోబరులో బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి చేరాను. ఫెలోషిప్పు మూడున్నరేళ్లు. చాలా యాంటెన్నాలు కలిసి ఒకే టెలిస్కోపుగా పనిచేసే చిలీలోని ఆల్మాకు దరఖాస్తు పెట్టుకునే అవకాశం ఏడాదికి ఒక్కసారి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే నా కథ సగం అర్థమైనట్టే. ఈ మార్చిలో థీసిస్ సమర్పించాను. ఈ దారిలోకి రావాలనుకునే తెలుగు విద్యార్థులు అప్పుడప్పుడు ఉత్తరాలు రాస్తుంటారు. ఏం చదవాలి, ఏ ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి అని అడుగుతారు. నాకైతే ఎంతకాలం ఎదురుచూడాల్సి వస్తుందో, ఎదురుచూస్తూ ఏం చేయాలో ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదనిపించింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా పని ధూళి కమ్మిన దూరపు గెలాక్సీల మీద. వాటిలో ఏటా వందల సూర్యుళ్లంత పదార్థం కొత్త నక్షత్రాలుగా మారుతుంది. మన పాలపుంతలో ఆ లెక్క ఒకటో రెండో. ఆ వెలుగునంతా ధూళి మింగి పరారుణ కాంతిగా వదులుతుంది. అంత దూరాన ఉన్నవాటి లోపలి తీరు చూడడం ఏ టెలిస్కోపుకైనా కష్టమే. అయితే మనకూ దానికీ మధ్య సరిగ్గా అదే వరుసలో మరో గెలాక్సీ ఉంటే, దాని గురుత్వం వెనకనుంచి వచ్చే కాంతిని వంచి, పెద్దది చేసి, ఉంగరంలా చూపిస్తుంది. ఇదే గురుత్వ కటకం. మా గదిలో అందరం లెన్స్ అనే అంటాం.

మొదటి చలికాలమంతా జాబితాలతో గడిచింది. హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు హీలియం నిండుకుని 2013 ఏప్రిల్ 29న ఆగిపోయింది. అయినా అది చేసి వెళ్లిన సర్వేల్లో ఇంకా వెతకాల్సింది చాలా ఉంది. మేం వాడింది హెచ్-అట్లాస్ సర్వే, సుమారు 600 చదరపు డిగ్రీల ఆకాశం. వడపోత సూత్రం వినడానికి తేలిక. 500 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర 100 మిల్లీజాన్స్కీలకు (ప్రకాశపు కొలమానం) మించి వెలిగేవాటిని తీసుకుని, వాటిలోంచి దగ్గరి సర్పిల గెలాక్సీలనూ బ్లేజార్లనూ (కృష్ణబిలం చిమ్మే పుంజం మనవైపే తిరిగి ఉన్న గెలాక్సీలు) ఏరేస్తే, మిగిలినవి దాదాపు అన్నీ లెన్సులే. 2010లో మత్తియా నెగ్రెల్లో బృందం ఈ పద్ధతిని మొదట 14 చదరపు డిగ్రీల మీద ప్రయోగించింది. పదకొండు తేలితే, ఏరివేత తర్వాత మిగిలినవి ఐదు, ఆ ఐదూ నిజమైన లెన్సులే. 2017 నాటికి మొత్తం సర్వేలో లెన్సులు కావచ్చనిపించేవి 80 తేలాయి.

సూత్రం తేలికే కానీ ఒక్కొక్కదాన్నీ కళ్లతో చూడక తప్పదు. 500 మైక్రాన్ల హెర్షెల్ చిత్రంలో ఒక మచ్చ వెడల్పు 36 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). మనం వెతికే ఉంగరం అడ్డంగా రెండు మూడు ఆర్క్ సెకన్లకు మించదు. ఆ మచ్చలో ఉంగరం ఉందో, పక్కపక్కనున్న రెండు మూడు గెలాక్సీలు కలిసిపోయి అలా కనబడుతున్నాయో చెప్పలేం. అందుకని ఇతర టెలిస్కోపుల పాత చిత్రాలన్నీ తీసి పక్కన పెట్టుకుని చూడాలి. నేను ఎంచుకున్నదానికి హబుల్ తీసిన ఒక నలుపు తెలుపు చిత్రం దొరికింది. మధ్యలో నున్నగా ఒక దీర్ఘవృత్తాకార గెలాక్సీ, కాస్త పక్కన చిన్న తోడు గెలాక్సీ, చుట్టూ ఖాళీ. ఆ ఖాళీ చూసి మా గైడు సంతోషించారు. హెర్షెల్‌కు అంత ప్రకాశంగా ఉన్నది హబుల్‌కు అసలు కనబడలేదంటే అది ధూళి చాటున ఉందన్నమాట. దాని రెడ్‌షిఫ్ట్ (విశ్వం వ్యాకోచించడం వల్ల కాంతి ఎంత సాగిందో చెప్పే సంఖ్య, ఎక్కువైతే దూరం ఎక్కువ) 3కి దగ్గరలో ఉందని వేరే బృందం అప్పటికే కొలిచి ప్రచురించింది. ఆ కాంతి బయల్దేరి దాదాపు 1,150 కోట్ల ఏళ్లు. వ్యాసం ఇంకా సమీక్షలో ఉంది కాబట్టి దాని పేరు మాత్రం ఇక్కడ చెప్పను.

దరఖాస్తుకు గడువు 2023 మే 10, మా సమయం ప్రకారం సాయంత్రం 4 గంటలు. ప్రపోజల్ బొమ్మలతో కలిపి నాలుగు పేజీలు. రాసిందెవరో చదివేవాళ్లకు తెలియకూడదన్నది నియమం. అందువల్ల "మా గత వ్యాసంలో" అని ఎక్కడా రాయకూడదు. సొంత బృందం పనిని కూడా పరాయివాళ్ల పనిని ప్రస్తావించినట్టే ప్రస్తావించాలి. దీనికి అలవాటు పడడానికి కొంత సమయం పట్టింది. అంతకన్నా ఎక్కువ సమయం పట్టింది సాంకేతిక భాగానికి. యాంటెన్నాలను ఎంత దూరం పరిస్తే అంత సన్నని వివరం అందుతుంది. అయితే దూరం పెరిగేకొద్దీ విశాలంగా పరుచుకున్న మసక కాంతి కొలతలోంచి జారిపోతుంది. మా ఉంగరం మందం చూస్తే ఆర్క్ సెకనులో పదో వంతు, వ్యాసం చూస్తే రెండు ఆర్క్ సెకన్ల పైన. రెండూ పట్టాలంటే యాంటెన్నాలు దగ్గరగా ఉన్నప్పుడు ఒకసారి, దూరంగా ఉన్నప్పుడు ఒకసారి కొలవాలి. ఆల్మా ఏడాది పొడవునా నెమ్మదిగా అమరిక మార్చుకుంటూ పోతుంది. వంద టన్నులకు మించిన యాంటెన్నాలను ఒట్టో, లోరె అనే రెండు భారీ వాహనాలు ఒక్కొక్కటిగా మోసుకెళ్లి వేరేచోట దింపుతాయి. కాబట్టి మనం అడిగిన రెండు కొలతల మధ్య నెలలు గడవచ్చు. ఆ రోజుకు ఇది కాగితం మీది వివరం మాత్రమే.

ప్రపోజల్ పంపేస్తే పని అయిపోదు. 2021 నుంచి ఆల్మాలో చాలావరకు దరఖాస్తుదారులే ఒకరి ప్రపోజల్స్ ఒకరు సమీక్షిస్తున్నారు. ఒక ప్రపోజల్ పెట్టినందుకు పది చదివి, ఒకటి నుంచి పది దాకా వరుస పెట్టి, ఒక్కోదానికి వ్యాఖ్య రాయాలి. గడువులోగా రాయకపోతే మన ప్రపోజల్ రద్దవుతుంది. ఇంకా పీహెచ్‌డీ రానివాళ్లు సమీక్షించాలంటే పీహెచ్‌డీ ఉన్న మెంటర్ ఒకరిని దరఖాస్తులోనే చూపించాలి. చివరి గంటలో ఇది గుర్తొచ్చి పరుగులు పెట్టిన విద్యార్థులను చూశాను. నాకు మా గైడు ముందే చెప్పి పెట్టారు. ఆ పది ప్రపోజల్స్ చదివిన రెండు వారాలూ నాకు పెద్ద చదువు. వాక్యం బాగున్నంత మాత్రాన వాదన నిలబడదని, మొదటి పేజీలో ప్రశ్న స్పష్టంగా లేకపోతే అలసిపోయి ఉన్న పాఠకుడు రెండో పేజీలో దాన్ని వెతకడని అక్కడే అర్థమైంది.

ఆగస్టులో ఈమెయిలు వచ్చింది. తిరస్కరించారు.

ప్రపంచమంతటి నుంచి 1,700 దాకా ప్రపోజల్స్ వచ్చి, అడిగిన సమయం ఉన్నదానికి ఆరేడింతలు అయినప్పుడు ఇది వింతేమీ కాదు. అయినా ఆ రోజు గదికి వెళ్లి తలుపు వేసుకుని కూర్చున్నాను. కష్టమనిపించింది తిరస్కారం కాదు, దాని వెంట వచ్చిన వ్యాఖ్యలు. ఒకరు "ఇంత సూక్ష్మంగా చూడడానికి లెన్స్ ఒక్కటే మార్గం, చాలా బలమైన ప్రతిపాదన" అన్నారు. మరొకరు "ఒక్క గెలాక్సీని చూసి ఆ జాతి మొత్తం గురించి ఏం చెప్పగలరు?" అని అడిగారు. ఇంకొకరు "హెర్షెల్ ఎంపికే లెన్సుల వైపు మొగ్గుతుంది కదా, ఇవి మామూలు గెలాక్సీలకు ప్రతినిధులేనా?" అన్నారు. మొదటి వ్యాఖ్యను పదేపదే చదువుకుని ఊరట పొందాలనిపించేది. మా గైడు మాత్రం రెండోది, మూడోది కాగితం మీద అచ్చువేసి నా బల్ల ఎదుట అతికించారు. వచ్చే ఏడు ఈ రెండింటికీ జవాబు చెబితే చాలన్నారు. ఆవిడ మాటే నిజమైంది.

ఫెలోషిప్పులో ఒక ఏడాది కరిగిపోయింది. అప్పుడు నన్ను నిలబెట్టింది ఆల్మా భాండాగారం. ఆల్మా డేటా అడిగినవాళ్లకు అందిన నాటి నుంచి పన్నెండు నెలలపాటు వాళ్ల సొంతం. ఆ తర్వాత ఎవరైనా, ఎక్కడినుంచైనా ఉచితంగా దింపుకోవచ్చు. అందులో నాకు గురువైంది ఎస్‌డీపీ.81. 2014 అక్టోబరులో ఆల్మా తన యాంటెన్నాలను తొలిసారి 15 కిలోమీటర్ల దూరం దాకా పరిచి పరీక్షించినప్పుడు చూసిన లెన్స్ అది. కటకంగా పనిచేసే గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ 0.299, వెనకనున్నది 3.042. వివరం 23 మిల్లీ ఆర్క్ సెకన్ల దాకా అందింది. ఆ డేటాను 2015లోనే అందరికీ ఇచ్చేశారు.

2023 శరదృతువంతా, ఆ తర్వాతి చలికాలమంతా దానితోనే ఉన్నాను. ఆ చిత్రం పెద్దది చేసి చూస్తే, ఉంగరం పూర్తి వలయం కాదు. ఒకపక్క పొడుగాటి చాపం, ఎదురుపక్క పొట్టి చాపం, మధ్యలో చీకటి. పొడుగు చాపం నున్నగా ఉండదు. కణుపులు కణుపులుగా, మధ్యలో సన్నగా, అక్కడక్కడా ముద్దలుగా ఉంటుంది. ఆ ముద్దల్లో కొన్ని ఒకే ప్రదేశం రెండుసార్లు కనబడడం వల్ల వచ్చినవి. ఏ ముద్దకు ఏది జోడీ అన్నది, కటకం కాంతిని ఎలా వంచుతోందో లెక్కగట్టే మోడల్ చెప్పాలి. 2016లో యాషర్ హెజావే బృందం ఇదే డేటాలో చాపం ఒకచోట ఉండాల్సిన తీరుకు కాస్త తేడాగా ఉండడం గమనించింది. దాన్నిబట్టి కంటికి కనబడని కృష్ణ పదార్థపు ముద్ద ఒకటి అక్కడ ఉందని, దాని బరువు సుమారు వంద కోట్ల సూర్యుళ్లని లెక్కగట్టింది. నేను అంత దూరం వెళ్లలేదు. నా మోడల్‌లో ఐన్‌స్టైన్ వ్యాసార్ధం (కటకం గీసే ఉంగరపు వ్యాసార్ధం) 1.55 ఆర్క్ సెకన్ల దగ్గర, అంటే ప్రచురితమైన విలువ దగ్గరే, తనంతట తాను వచ్చి ఆగింది. ఆ రాత్రి ఎంతో ఆనందంగా నిద్రపోయాను. ఇతరులు అంతకుముందే చేసిన పనే. అయినా సాధనం ఇప్పుడు నా చేతిలో ఉంది, నిజమైన జవాబుకు తీసుకెళ్తోంది. ఈ రంగంలోకి వచ్చేవాళ్లెవరైనా సొంత డేటా కోసం ఆగకుండా ముందు దీన్ని విప్పి చూడాలని గట్టిగా చెబుతాను.

రెండో ప్రపోజల్‌కు గడువు 2024 ఏప్రిల్ 25. ఈసారి ఒకటి కాదు, మూడు గెలాక్సీలు అడిగాం. మూడూ ఒకే వడపోతలోంచి వచ్చినవి, కటకం ఎంత పెద్దది చేస్తుందన్నదాంట్లో మాత్రం తేడా ఉన్నవి. ఎంపిక ఎటు మొగ్గుతుందో కొలవడమే ఒక లక్ష్యంగా పెట్టాం. ఎస్‌డీపీ.81 మీద చేసిన అభ్యాసంలోంచి ఒక బొమ్మ పెట్టాను. నాలుగు పేజీల్లో సమీక్షకులను ఎక్కువగా ఒప్పించింది ఆ బొమ్మేనని తర్వాత వ్యాఖ్యల్లో తెలిసింది.

ఆ వేసవిలో ఇటలీలో ఒక శిక్షణ తరగతికి పిలుపు వచ్చింది. భారత పాస్‌పోర్టుతో బ్రిటన్‌లో ఉంటున్నవాళ్లకు యూరప్ వెళ్లాలంటే షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ 11 నుంచి రుసుము 80 యూరోల నుంచి 90కి పెరిగింది. దరఖాస్తు కేంద్రం సేవారుసుము అదనం. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే మూడు వారాలు ఉండిపోయింది. అపాయింట్‌మెంట్లు దొరకడం వీసా దొరకడం కన్నా కష్టం. డబ్బు విశ్వవిద్యాలయం తిరిగి ఇచ్చింది కానీ రెండు నెలల తర్వాత. అందాకా నా చేతి డబ్బే. తోటి విద్యార్థులు రైలు టికెట్టు కొనుక్కుని బయల్దేరినంత సులువుగా మనం బయల్దేరలేం. పిలుపు వచ్చిన రోజే అపాయింట్‌మెంటు వెతుక్కోవడం మంచిది.

2024 ఆగస్టులో ఈమెయిలు తెరిచేముందు చేతులు వణికాయి. మూడింటిలో రెండు గెలాక్సీలను ఒప్పుకున్నారు. గ్రేడు బి. ఇంటికి ఫోను చేసి చెబితే అమ్మ అడిగింది:

"ఏ దిక్కున ఉందమ్మా నీ గెలాక్సీ?"

"కన్యారాశిలో అమ్మా. చిత్తకు కాస్త ఎగువన."

"చిత్త మీ నాన్నగారి నక్షత్రమే కదే!"

అప్పటి నుంచి ఫోను చేసినప్పుడల్లా "చిత్త దగ్గరిది చూశారా?" అనేది మా ఇంట్లో కుశల ప్రశ్న అయిపోయింది. చాలా నెలలపాటు నా జవాబు "ఇంకా లేదమ్మా" మాత్రమే.

గ్రేడు బి అంటే ఏమిటో అప్పుడు తెలుసుకున్నాను. గ్రేడు ఎ వచ్చినవాటిని ఆ ఏడు చూడలేకపోతే మరుసటి ఏటికి తీసుకెళ్లే వీలుంది. బి వాటికి ఆ వీలు లేదు. 2025 సెప్టెంబరు ముగిసేలోగా చూడకపోతే పోయినట్టే, మళ్లీ మొదటినుంచి. అక్టోబరులో ఆ ఏటి పరిశీలనలు మొదలయ్యాయి కానీ అప్పుడు కన్యారాశి సూర్యుడి పక్కనే ఉంటుంది. ఫిబ్రవరిలో ఆల్మా పూర్తిగా ఆగిపోతుంది. ఆండీస్‌లో అది వానల కాలం, మరమ్మతుల నెల కూడా. ఐదు వేల మీటర్ల ఎత్తున, గాలిలో నీటి ఆవిరి మిల్లీమీటరు కన్నా తక్కువగా ఉన్న రాత్రులే మాకు పనికొస్తాయి. మనం చిలీ వెళ్లనక్కరలేదు, వెళ్లినా చేసేదేమీ లేదు. కొలతలన్నీ అక్కడి సిబ్బందే తీస్తారు. మనకు స్నూపీ అనే వెబ్ పేజీ ఉంటుంది, అందులో మన పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు. పొద్దున లేవగానే పళ్లు తోముకోకముందే దాన్ని తెరిచేదాన్ని.

దగ్గరి అమరిక కొలతలు ఏప్రిల్‌లో పూర్తయ్యాయి. దూరపు అమరికలో మొదటి విడత జూన్ మధ్యలో జరిగింది. ఇంకో విడత మిగిలింది. జూన్ 26న ఆల్మా మీద మంచు తుపాను విరుచుకుపడింది. పైన పీఠభూమి మీద మంచు మామూలే. ఈసారి కింద 2,900 మీటర్ల ఎత్తులో ఉన్న స్థావరంలో కూడా కురిసింది, దశాబ్దకాలంగా అక్కడ అలా కురవలేదట. యాంటెన్నాలన్నిటినీ మంచు పేరుకోని వైపు తిప్పి, పరిశీలనలు ఆపేశారు. అటకామా ఎడారి తెల్లగా కప్పుకున్న వీడియో ప్రపంచమంతా అందంగా ఉందని పంచుకుంటుంటే, నేను గుండె చిక్కబట్టుకుని చూశాను. రెండో విడత జూలైలో ఒక రాత్రి పూర్తయింది. డేటా నాణ్యత పరీక్షలు ముగించుకుని ఆగస్టులో నాకు అందింది. పీహెచ్‌డీలో చేరి అప్పటికి మూడేళ్లు కావస్తోంది. ఫెలోషిప్పు ఏడు నెలలే మిగిలింది.

ఆల్మా ఫొటో పంపదు. యాంటెన్నాల జతలు ఒక్కొక్కటి ప్రతి కొన్ని సెకన్లకు కొలిచిన సంఖ్యల రాశి పంపుతుంది. 43 యాంటెన్నాలుంటే 903 జతలు. చిత్రం మనం లెక్కగట్టి తీయాలి. ఇక్కడ మూడు చిన్న సంగతులు ముందే తెలిస్తే మంచిది. ఆల్మావాళ్లు కాసా (డేటాను సరిచేసి చిత్రంగా మార్చే సాఫ్ట్‌వేర్) ఏ సంస్కరణతో డేటాను సరిచేశారో, స్క్రిప్టును మళ్లీ నడపాలంటే అదే సంస్కరణ కావాలి, కొత్తది పనికిరాదు. సరిచేసిన డేటా, మధ్యలో పుట్టే ఫైళ్లు కలిసి వందల గిగాబైట్లు దాటతాయి. విభాగపు సర్వరులో నా వాటా చాలక, దాదాపు 90 పౌండ్లు పెట్టి నాలుగు టెరాబైట్ల డిస్కు కొనుక్కున్నాను. మూడోది, ఎక్కడైనా ఆగిపోతే యూరప్‌లోని ఆల్మా సహాయ కేంద్రాలకు వెళ్లి నిపుణుల పక్కన కూర్చుని చేసుకోవచ్చు, దానికి రుసుము లేదు. బ్రిటన్‌లో ఆ కేంద్రం మాంచెస్టర్‌లో ఉంది. అక్కడ గడిపిన రెండు రోజుల్లో, నిమిషానికోసారి పక్కనున్న క్వేజార్ (ప్రకాశవంతమైన దూరపు గెలాక్సీ కేంద్రం) వైపు తిరిగి తీసుకున్న కొలతల్లో ఏ యాంటెన్నా సరిగా పనిచేయడం లేదో కళ్లతో గుర్తుపట్టడం నేర్పారు. అది ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మొదటి శుభ్రమైన చిత్రం ఒక సాయంత్రం తెర మీదికి వచ్చింది. హబుల్ చిత్రంలో ఖాళీగా ఉన్న చోటే, ఆ దీర్ఘవృత్తాకార గెలాక్సీ చుట్టూ, ఒకవైపు మందంగా, మరోవైపు సన్నగా, ఒక ఉంగరం. హబుల్ చూసిన గెలాక్సీ ఆల్మా చిత్రంలో ఎక్కడా లేదు. ఆల్మా చూసిన ఉంగరం హబుల్ చిత్రంలో ఎక్కడా లేదు. రెంటినీ ఒకదానిపై ఒకటి పెట్టాను. ఏడుపొచ్చింది. పక్క బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి ఏమైందోనని కంగారుగా వచ్చి, తెర చూసి, ఏమీ మాట్లాడకుండా కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

అంతా అయిపోయిందనిపిస్తుంది అక్కడ. నిజానికి అసలు పని అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ఉంగరం గెలాక్సీ కాదు. కటకం ద్రవ్యరాశి ఎలా పరుచుకుందో ఊహించి, ఆ ఊహతో కాంతిని వెనక్కి నడిపి, వెనకనున్న గెలాక్సీ ఎలా ఉంటే ఈ ఉంగరం వస్తుందో రాబట్టాలి. మా మోడల్‌లో కటకానికి ఏడు సంఖ్యలు. కేంద్రానికి రెండు, ఐన్‌స్టైన్ వ్యాసార్ధానికి ఒకటి, కోలదనానికి రెండు, చుట్టుపక్కల గెలాక్సీల లాగుడికి రెండు. వెనకనున్నదానికి వందల చిన్న గళ్లు. కంప్యూటర్ లక్షల కలయికలు ప్రయత్నించాలి. విశ్వవిద్యాలయపు కంప్యూటర్ క్లస్టర్‌లో ఒక్కో పరుగు రెండు మూడు రోజులు, దానికి ముందు వరుసలో నిలబడడం మరో రోజు.

మొదటి పరుగు తెచ్చిన జవాబు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కటకానికి బరువు దాదాపు లేదు, వెనకనున్న గెలాక్సీయే ఉంగరం ఆకారంలో ఉంది అని తేల్చింది. గణితం ప్రకారం అందులో తప్పేమీ లేదు. గళ్లకు అంత స్వేచ్ఛ ఇస్తే కనిపించిన ఆకారాన్నే మూలంగా చూపించి తప్పించుకుంటాయి. ఈ రంగంలో అందరికీ తెలిసిన ఉచ్చు ఇది. దాన్ని దాటే మార్గమూ ఉంది. ముందు వెనక గెలాక్సీని నున్నని సాదా ఆకారంగా పెట్టి కటకం బరువు స్థూలంగా కనుక్కోవాలి. ఆ బరువు చుట్టూ కంచె వేసి, అప్పుడు గళ్లకు స్వేచ్ఛ ఇవ్వాలి. అలా చేశాక రెండో చిక్కు మిగిలింది. చాపం మందమైన వైపు మోడల్‌కూ కొలతకూ మధ్య తేడా పోవడం లేదు. హబుల్ చిత్రంలో పక్కనున్న ఆ చిన్న తోడు గెలాక్సీకి కూడా బరువు ఇచ్చి చూద్దామన్నారు గైడు. ఇచ్చాం, తేడా తగ్గిపోయింది. అయితే అంతటితో నమ్మేయలేదు. ఆ తోడును ఇతర స్థానాల్లో పెట్టి కూడా నడిపి, అది హబుల్ చూపిన చోట ఉన్నప్పుడే లెక్క కుదురుతోందని నిర్ధారించుకున్నాం. నవంబరు మొత్తం దానికే పోయింది. ఆ నెల ఒక్క కొత్త ఫలితం రాలేదు. థీసిస్‌లో నేను తలెత్తుకుని చెప్పుకోగలిగిన అధ్యాయం మాత్రం ఆ నెల వల్లనే వచ్చింది.

డిసెంబరులో మూల గెలాక్సీ తేలింది. నడుమ గట్టి ధూళి ముద్ద, అడ్డంగా ఆరు వేల కాంతి సంవత్సరాలు. దాని చుట్టూ అంతకన్నా విశాలంగా కార్బన్ మోనాక్సైడ్ గ్యాసు. మేం చూసిన కార్బన్ మోనాక్సైడ్ రేఖ ప్రయోగశాలలో 576 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. విశ్వం వ్యాకోచించి అది నాలుగో వంతుకు దిగి 144 దగ్గర మాకు చేరింది. ఆ రేఖను సన్నని ముక్కలుగా విడగొట్టి చూస్తే గ్యాసు ఒకవైపు మనవైపు వస్తూ, మరోవైపు దూరమవుతూ ఉంది. అంటే తిరుగుతోంది. 2020లో ఫ్రాన్సెస్కా రిజ్జో బృందం ఎస్‌పీటీ0418-47 అనే మరింత దూరపు లెన్స్ గెలాక్సీలో ఇలాంటి క్రమమైన భ్రమణమే చూపించింది కాబట్టి ఇది అపూర్వమేమీ కాదు. కానీ నేను కొలిచినది నా కళ్ల ముందు తిరుగుతుంటే అది వేరే సంగతి.

పాఠకులకు తప్పక చెప్పాల్సింది మరొకటి ఉంది. కటకం అన్నిటినీ ఒకేలా పెద్దది చేయదు. మా లెక్కలో ధూళి కాంతి తొమ్మిది రెట్లు, గ్యాసు కాంతి ఆరు రెట్లు పెరిగింది. కటకం కాంతిని అన్నిటికన్నా ఎక్కువగా పెంచే గీతకు ధూళి ముద్ద దగ్గరగా ఉండడమే కారణం. రెంటినీ ఒకే సంఖ్యతో భాగిస్తే, ఆ గెలాక్సీ తన గ్యాసును నిజంకన్నా ఒకటిన్నర రెట్లు వేగంగా నక్షత్రాలుగా ఖర్చుచేస్తున్నట్టు తేలేది. పాత వ్యాసాల్లో సూక్ష్మ చిత్రం లేక ఒకే సంఖ్యతో భాగించిన ఉదాహరణలు చాలా ఉన్నాయి. అవి రాసినవాళ్లకు వేరే దారి లేదు. ఇప్పుడు మనకు ఉంది కాబట్టి వాడాలి. నేను చెప్పదలచుకున్న శాస్త్ర విషయం అంతా ఇంతే. దానికోసమే ఆ మూడేళ్లూ.

జనవరిలో వ్యాసం పంపాం. సమీక్షకుల మొదటి నివేదిక వచ్చేసరికి రెండు నెలలు దాటింది. తోడు గెలాక్సీ మీద మేం ముందే చేసిన పరీక్షనే వాళ్లూ అడిగారు, నవంబరు వృథా కాలేదని తేలింది. మా పత్రిక 2024 నుంచి పూర్తిగా అందరికీ ఉచితంగా చదువుకునే పద్ధతికి మారింది. దాని ప్రచురణ రుసుము రెండు వేల పౌండ్ల పైచిలుకు. మా గ్రంథాలయ ఒప్పందం వల్ల అది నా మీద పడలేదు. అలాంటి ఒప్పందం లేని చోట ఉన్నవాళ్లు పంపేముందే రుసుము మాఫీ గురించి సంపాదకులను అడగాలి. మార్చిలో థీసిస్ ఇచ్చేనాటికి వ్యాసం సవరణల్లోనే ఉంది, ఇప్పటికీ అక్కడే ఉంది. థీసిస్‌కు అది అడ్డం కాదు, ప్రచురణ కాని అధ్యాయం పెట్టుకోవచ్చు. రెండో గెలాక్సీ డేటాను ఇంకా ముట్టుకోనేలేదు.

మా డేటా మీద నాకున్న పన్నెండు నెలల హక్కు ఈ ఆగస్టుతో ముగుస్తుంది. ఆ తర్వాత విజయవాడలోనో వరంగల్‌లోనో ఎమ్మెస్సీ చదువుతున్నవాళ్లు కూడా ఆల్మా భాండాగారంలోకి వెళ్లి దాన్ని దింపుకోవచ్చు. కాసా ఉచితం. లెన్స్ మోడల్‌కు వాడే పైఆటోలెన్స్ కూడా ఉచితమే. కావాల్సింది లైనక్స్ ఉన్న, కనీసం 32 జీబీ మెమరీ గల కంప్యూటర్, ఖాళీ డిస్కు, ఆగకుండా వచ్చే ఇంటర్నెట్. అందాకా ఆగనక్కరలేదు, ఎస్‌డీపీ.81 పదేళ్లుగా అక్కడే ఉంది.